పేర్లు పడే వేళ

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు పొద్దున్నే విశాఖ అల్లిపురంలో మా పాత ఇంటి డాబా ఎక్కాను. ఇల్లు బిల్డరుకి ఇచ్చేశాం. వచ్చే నెలలో పడగొడతారు. సామాన్లన్నీ ఇదివరకే తీసేశాం, డాబా మీద తీయడానికి ఏమీ లేదనుకున్నాను. కానీ పిట్టగోడ మూలన రెండు క్లాంపుల మధ్య టీవీ యాంటెన్నా కోసం నాన్న పాతిన జీఐ పైపు ఇంకా నిలబడి ఉంది. దాని తల మీద ఏమీ లేదు. ఊరికే రెండు చేతులతో పట్టుకుని తిప్పబోయాను. తిరగలేదు. బాగా బిగుసుకుపోయింది.

కిందికి వచ్చి చేతులు కడుక్కున్నాను. సబ్బు పెట్టినా అరచేతుల్లోంచి తుప్పు వాసన పోలేదు. తుప్పూ ఉప్పుగాలీ కలిసిన ఆ వాసన ఎక్కడో ఎరిగినదే అనిపించింది. వంటింటి గట్టు దగ్గర నిలబడి ఉండగా గుర్తొచ్చింది. అది శనివారం సాయంత్రం నాన్న చేతుల వాసన. సినిమా మొదలయ్యాక డాబా దిగి వచ్చి నా పక్కన చాప మీద కూర్చునేవాడు. ఆయన చేతుల్లోంచి వచ్చేది ఆ వాసన.

*

నాన్న పోర్టులో ఫిట్టరు. మా ఇంట్లోకి టీవీ వచ్చింది పోర్టువాళ్ళ సొసైటీ అప్పుతోనే. హైదరాబాదులో తయారైన ఈసీ టీవీ. చెక్కపెట్టె, ముందు రెండు వైపులకీ జరిగే తలుపులు, వాటికి చిన్న తాళం. స్విచ్ వేస్తే వెంటనే బొమ్మ వచ్చేది కాదు. ముందు గుయ్ మని సన్నటి మోత, తర్వాత తెర మధ్యలో బూడిదరంగు వెలుగు, అది నెమ్మదిగా అంచులదాకా పాకేది. వేడెక్కిన దుమ్ము వాసన వేసేది. కట్టేశాక తెర మధ్యలో ఒక తెల్లటి చుక్క చాలాసేపు మిగిలి ఉండేది. తమ్ముడు ఆ చుక్క పోయేదాకా అక్కడినుంచి కదిలేవాడు కాదు.

యాంటెన్నా షాపులో కొన్నారు గానీ దాని స్టాండు మాత్రం నాన్న స్వయంగా చేశాడు. షాపువాడిచ్చిన సన్న పైపు మన సముద్రపు గాలికి ఆగదన్నాడు. ఆయన అన్న మాట నిజమే. మా వీధిలో తుఫాను పట్టినప్పుడల్లా ఒక్కో ఇంటి యాంటెన్నా ఒక్కో దిక్కుకి తిరిగిపోయేది. మామూలు రోజుల్లో మాత్రం ఊళ్ళోని యాంటెన్నాలన్నీ ఒకే దిక్కుకి చూస్తూ నిలబడేవి, వాటి మీద కాకులు వరసగా కూర్చునేవి.

గాలికన్నా ఉప్పు పెద్ద శత్రువు. రెండు వానాకాలాలు గడిచేసరికి అల్యూమినియం కడ్డీలు తెల్లగా పొడి పట్టేవి, రిబ్బన్ వైరు బిగించిన చోట రాగి పచ్చబడిపోయేది. బొమ్మలో మంచు కురవడం మొదలయ్యేది. అప్పుడు నాన్న ఆదివారం పొద్దున్న ఎమరీ పేపరు ముక్క, గ్రీజు డబ్బా పట్టుకుని డాబా ఎక్కేవాడు. ఒక్కో స్క్రూ విప్పి, రుద్ది, మళ్ళీ బిగించి, మీద గ్రీజు పూసేవాడు. ఓడల పని చేసినంత శ్రద్ధగా చేసేవాడు. పక్కింటివాళ్ళు వచ్చి మాదీ కాస్త చూడండి అంటే వాళ్ళదీ చేసి వచ్చేవాడు.

*

మొదట్లో మా టీవీ ఎక్కువగా హిందీయే మాట్లాడేది. అర్థమైనా కాకపోయినా చూసేవాళ్ళం. తర్వాత హైదరాబాద్ దూరదర్శన్ తెలుగు ప్రసారాలు మాకూ అందడం మొదలయ్యాక ఇంట్లో వారానికి ఒక ఆకారం వచ్చింది. శుక్రవారం చిత్రలహరి. శనివారం సాయంత్రం తెలుగు సినిమా. ఆ రెండింటి చుట్టూ మిగతా రోజులు సర్దుకునేవి.

చాలావరకు పాత సినిమాలే వేసేవారు. అమ్మ పెళ్ళికి ముందువి, నాన్న చిన్నప్పటివి, మామ్మ కాపురానికి వచ్చిన కొత్తవి. టికెట్టు లేదు, రిక్షా లేదు. అంతకుముందు రేడియోకి కూడా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టిన తరం వాళ్ళది. వాళ్ళకి గాలిలోంచి ఊరికే సినిమా వచ్చి ఇంట్లో వాలడం అంటే మాటలు కాదు. మామ్మ అయితే టీవీ తలుపులు తీసేముందు కళ్ళకద్దుకునేది.

అసలు కథ సినిమాకి పది నిమిషాల ముందు మొదలయ్యేది. శనివారమే బొమ్మ సరిగ్గా రాకపోవడం ఏమిటో తెలియదు. మధ్యాహ్నమంతా గాలికి పైపు కాస్త తిరిగేదేమో. నాన్న డాబా మీద, తమ్ముడు మెట్ల మీద, నేను టీవీ ముందు.

"వచ్చిందా?"

"వచ్చిందా అక్కా?"

"ఇంకా రాలేదు. మంచు!"

"ఇంకా రాలేదంట నాన్నా!"

"ఇప్పుడో?"

"బొమ్మ వచ్చింది, మాట పోయింది!"

ఇలా మూడు గొంతులు ఇంట్లోంచి డాబాకీ డాబానుంచి ఇంట్లోకీ తిరిగేవి. వీధిలో ఇంకో నాలుగు డాబాల మీద ఇంకో నలుగురు నాన్నలు ఇదే పని చేస్తుండేవారు. ఒకరి పిల్లాడు "వచ్చేసింది" అని అరిస్తే ఇంకొకరు తమదేననుకుని పైపు వదిలేసిన రోజులున్నాయి.

అంతలో సెన్సారు సర్టిఫికెట్టు పడేది. ఎన్ని రీళ్ళో చదివి చెప్పడం తమ్ముడి పని. రీళ్ళు ఎక్కువైతే సంబరం. తర్వాత పేర్లు పడేవి. సరిగ్గా అప్పుడే నాన్న ఇంకా పైనే ఉండేవాడు. పేర్ల అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయంటే యాంటెన్నా కుదిరినట్టు, అలుక్కుపోతున్నాయంటే ఇంకా తిప్పాలన్నమాట. అంటే పేర్లు పడే వేళ నాన్నకి పరీక్షా సమయం. అందుకని అన్నేళ్ళలో ఆయన ఒక్క శనివారం కూడా పేర్లు చూడలేదు. కానీ ఆ పేర్లే ఆయనకి కావాలి.

"చదువు అమ్మలూ!" అని పైనుంచి కేక.

కిటికీ దగ్గర నిలబడి, మెడ టీవీ వైపు తిప్పి, గొంతెత్తి చదివేదాన్ని. ఛాయాగ్రహణం ఫలానా. శబ్దగ్రహణం ఫలానా. కళ, కూర్పు, నృత్యం, నేపథ్యగానం. పాత అక్షరాలు, కొన్ని పూలతీగల్లా మెలికలు తిరిగి ఉండేవి. రెండో తరగతిలో నాకు వత్తులు సరిగ్గా వచ్చాయంటే బడిలో కన్నా ఆ కిటికీ దగ్గరే వచ్చాయి. "ఛాయాగ్రహణం" అంటే ఏమిటో తెలియకుండానే వందసార్లు అరిచి ఉంటాను. దర్శకత్వం దగ్గరికి వచ్చేసరికి పైనుంచి బైండింగ్ వైరు మెలిపెట్టే కిర్రు కిర్రు మోత వినిపించేది. ఆ తర్వాత నాన్న గొంతు.

"కట్టేశా!"

ఇక ఎవరూ కదలకూడదు. ఆయన దిగి వచ్చేసరికి మొదటి సీను సగమయ్యేది.

ఒకసారి అడిగాను, హీరో పేరు అడగవు గానీ వీళ్ళ పేర్లు నీకెందుకు నాన్నా అని. "ఓడ రేవుకి వస్తే కెప్టెన్ పేరు అందరూ చెప్తారమ్మా. లోపల బోల్టు బిగించినవాడి పేరు ఎవరూ రాయరు. ఈ సినిమావాళ్ళే నయం, రాస్తారు" అన్నాడు. ఎనిమిదేళ్ళదాన్ని. పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఆ తర్వాత ఇంకా గట్టిగా చదివేదాన్ని.

నాన్నకి బి షిఫ్టు పడిన వారాల్లో అమ్మ డాబా ఎక్కేది, చీర కుచ్చిళ్ళు దోపుకుని. అమ్మకి పేర్లతో పని లేదు. "బొమ్మ వచ్చిందా లేదా, అది చెప్పండి" అనేది. ఆ వారాల్లో పేర్లన్నీ రఫ్ నోట్సు చివరి పేజీల్లో గబగబా రాసుకునేదాన్ని. రాత్రి పదిన్నరకి నాన్న వచ్చి, భోజనం ముందు ఆ నోట్సు అడిగేవాడు. కంచం ముందు కూర్చుని, చిల్లుల గరిటెతో అమ్మ వడియాలు తీస్తుంటే, ఆయన ఆ పేజీ చదువుతుండేవాడు. ఒక్కోసారి తల ఊపేవాడు. ఒక్కోసారి "ఈయనేనా, అయితే బాగా తీసుంటాడు" అనేవాడు.

*

మామ్మ గురించి చెప్పాలి. మామ్మది విజయనగరం. పెళ్ళై విశాఖ వచ్చాక తాతయ్యతో కలిసి పాతూళ్ళో పూర్ణా థియేటరుకి వెళ్ళేదట. నేల మీద, బెంచీ మీద, తర్వాత కుర్చీలో. తాతయ్య పోయాక మామ్మ సినిమా హాలు గుమ్మం తొక్కలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మని గట్టిగా పిలవలేదు కూడా. ఆ రోజుల్లో ఆ వయసు ఆడవాళ్ళకి అదంతే. జగదాంబ థియేటరు కట్టి ఊరికి కొత్త సెంటరే వచ్చినా, మామ్మ దాన్ని రిక్షాలోంచి చూసిందే గానీ లోపలికి వెళ్ళలేదు.

ఆగిపోయిన ఆ సినిమాలన్నీ ఇరవై ఏళ్ళ తర్వాత ఒక్కొక్కటిగా మా ఇంటి ముందుగదిలోకి వచ్చాయి. శనివారం మామ్మకి ఒంటిపూట. సాయంత్రం ఉప్పుడుపిండి తిని, నిమ్మకాయంత ప్రసాదం నోట్లో వేసుకుని, నవారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. సావిత్రి తెర మీదికి రాగానే "వచ్చావా తల్లీ" అనేది, ఇంటి ఆడపిల్ల వచ్చినట్టు. సూర్యకాంతం వస్తే మాత్రం నోటికొచ్చిన తిట్లు తిట్టేది. ఒకసారి ఆవిడ మంచిదానిగా కనిపించే సీను వస్తే మామ్మ నమ్మలేదు. చివరిదాకా అనుమానంగానే చూసింది.

నేను కిటికీలోంచి "సంగీతం, ఘంటసాల" అని అరిచిన వారం మామ్మ మొహం చూడాలి. "మా ఊళ్ళో చదువుకున్నాడమ్మా" అని కొత్తగా చెప్తున్నట్టు ప్రతిసారీ చెప్పేది. విజయనగరం సంగీత కళాశాలలో చేరడానికి వచ్చి, చేతిలో డబ్బు లేక, ఇళ్ళ దగ్గర మధూకరం ఎత్తుకుని తింటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నాడని. "మా వీధిలోకి కూడా వచ్చుంటాడు. మా అమ్మ వేసిన ముద్ద తినుంటాడు" అనేది. నిజంగా తిన్నాడో లేదో ఎవరు చెప్తారు. మామ్మకి మాత్రం ఆ పాట వింటున్నప్పుడు తమ ఇంటి అన్నం పలుకుతున్నట్టుండేది. సుశీల పేరు పడితే "ఇది కూడా మా ఊరి పిల్లే". మాటలు, పాటలు పింగళి అని చదివితే నాన్న డాబా మీదనుంచి అందుకునేవాడు, "రాజాంలో పుట్టాడమ్మా, మన పక్కవాడే!" అని. ఆ లెక్కన తెలుగు సినిమా అంతా మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళు కలిసి తీసిందేనని చాలాకాలం నమ్మాను.

*

మా వీధిలో టీవీ ఉన్న ఇళ్ళు కొన్నే. సాయంత్రమయ్యేసరికి గుమ్మం ముందు చెప్పులు గుట్టపడేవి. చిన్నపిల్లలు ముందు, మగవాళ్ళు గోడవార, ఆడవాళ్ళు వంటింటి తలుపు దగ్గర. చేపలు అమ్మే ఆవిడ కూడా వచ్చేది. వారంలో మిగతా రోజులు ఫిషింగ్ హార్బరు నుంచి బుట్ట ఎత్తుకుని వచ్చే మనిషి, శనివారం మా ఇంట్లో చేప వండరు కనుక బుట్ట లేకుండా, తల దువ్వుకుని, పువ్వు పెట్టుకుని వచ్చేది. గుమ్మం బయటినుంచే అడిగేది.

"ఏటి బొమ్మమ్మా ఈ వారం? సావిత్రమ్మదేనేటి?"

మొదట్లో గడప దగ్గరే కూర్చునేది. అమ్మ లోపలికి రమ్మంటే "పర్నేదు తల్లీ, ఇక్కడ గాలొస్తది" అనేది. ఒక శనివారం వాన పట్టుకుంది. మామ్మే తన మంచం పక్కన చాప జరిపి "లోపలికి రావే, తడుస్తున్నావు" అంది. ఆ రోజునుంచి ఆవిడ చోటు అదే. ఏడుపు సీన్లలో ఇద్దరూ ఒకే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారని అమ్మ చెప్తుంది. నాకు గుర్తున్నది, మామ్మ చెవుడు వల్ల వినిపించని మాటలు ఆవిడే వంగి చెవిలో చెప్పేది, తన యాసలో. రాజులూ రాణులూ మామ్మ చెవిలోకి జాలారి యాసలోనే వెళ్ళేవారు.

నలుపు తెలుపు తెరకి ముందు ఒక ప్లాస్టిక్ షీటు తగిలించేవారు అప్పట్లో. పైన నీలం, మధ్యలో ఎరుపు కలిసిన పసుపు, కింద ఆకుపచ్చ. ఆరుబయట సీనైతే బ్రహ్మాండంగా ఉండేది, పైన నీలాకాశం, కింద పచ్చగడ్డి. మనుషులు దగ్గరికి వస్తే మాత్రం జుట్టు నీలం, మెడ ఆకుపచ్చ. మేం అదే రంగుల సినిమా అనుకున్నాం. మాయాబజార్‌లో వెన్నెల్లో పడవ వెళ్ళే పాట వచ్చినప్పుడు మాత్రం నాన్న లేచి వెళ్ళి షీటు తీసేశాడు. "ఇది ఇలాగే చూడాలి" అన్నాడు. ఆ వెన్నెల పట్టినవాడు మార్కస్ బార్ట్‌లీ అని, వాల్తేరు రైల్వే క్వార్టర్సులో ఉంటారే అలాంటి ఆంగ్లో ఇండియన్ అని, తెలుగువాడు కాకపోయినా తెలుగువాళ్ళకి వెన్నెలంటే ఇదీ అని చూపించాడని చెప్పాడు. గదిలో అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. నీళ్ళ మీద వెలుగు వణుకుతోంది. అప్పటిదాకా ఛాయాగ్రహణం నాకు అరవాల్సిన మాట మాత్రమే. ఆ రాత్రి దానికి అర్థం తెలిసింది.

మధ్యలో ఏడు గంటలకి సినిమా ఆపి వార్తలు. శాంతిస్వరూప్ గారు నమస్కారం అనగానే మామ్మ కూడా చేతులు జోడించేది. మిగతావాళ్ళు లేచి పరుగులు. పొయ్యి మీద అన్నం, పిల్లల అన్నాలు, వాకిట్లో కుళాయి. పక్కింటి పిన్నిగారు వార్తలయ్యేలోపు పప్పు పోపు పెట్టి వచ్చేసేవారు. వీధిలో ఆ పావుగంటా ఒక్కసారే పది ఇళ్ళలో పోపు వాసన. చాలా ఏళ్ళ తర్వాత, 2024 ఏప్రిల్‌లో శాంతిస్వరూప్ గారు పోయారని పేపర్లో చదివి వినిపిస్తే నాన్న కాసేపు మాట్లాడలేదు. "ఆయన వచ్చాడంటే ఇంకా సగం సినిమా ఉందని ధైర్యం" అన్నాడు.

*

ఒక శనివారం మాత్రం పెద్దవాళ్ళెవరూ కథ చూడలేదు. మరోచరిత్ర వేశారు. 1978లో వచ్చిన సినిమా. అప్పటికి రంగుల సినిమాలు వచ్చేసినా బాలచందర్ గారు దాన్ని నలుపు తెలుపులోనే తీశారు. తీసిందేమో మన విశాఖలో, భీమిలిలో. తెర మీద సముద్రం కనిపించగానే గదిలో గోల మొదలైంది. "అదిగో బీచి రోడ్డు!" "కాదు, అది భీమిలి వైపు!" "ఆ రాయి నాకు తెలుసు!" షూటింగ్ రోజుల్లో తాను అక్కడే ఉన్నానని ఒక మావయ్య, ఆ జనంలో తన తల కూడా కనిపిస్తుందని ఇంకొకాయన. నాకు మాత్రం ఒకటే వింత. రోజూ చూసే సముద్రం అక్కడ వేరే సముద్రంలా ఉంది. నురగ ఇంకా తెల్లగా, ఇసక ఇంకా ఒంటరిగా. మర్నాడు నాన్నని అడిగి ఆర్కే బీచికి వెళ్ళాను. కళ్ళు చికిలించి రంగులు పోయేలా చూడటానికి ప్రయత్నించాను. మరమరాల మురీ మిక్చర్ పొట్లం చల్లారిపోయేదాకా అలాగే చూశాను.

చివరి సీన్లు వచ్చేసరికి అమ్మ పిల్లలందర్నీ పెరట్లోకి పంపేసింది. ఆ ముగింపు నేను పెళ్ళైన తర్వాతే చూశాను.

*

తర్వాత కేబులు వచ్చింది. మా వీధి స్తంభాల మీంచి నల్ల వైర్లు ఇళ్ళల్లోకి దిగాయి. సినిమాలు రోజుకి నాలుగు వచ్చేవి. శనివారం మామూలు వారమైపోయింది. గుమ్మం ముందు చెప్పులు తగ్గాయి, తర్వాత లేవు. ఎవరి ఇంట్లో వాళ్ళకి టీవీ ఉంది, అది మంచిదే. చేపలావిడ కూడా కొనుక్కుందట, వాళ్ళ మనవడు తెచ్చాడని చెప్పి వెళ్ళింది. మామ్మ ఆ చాప చాలాకాలం మంచం పక్కనే ఉంచుకుంది. మామ్మ పోయాక అమ్మ దాన్ని ఎండబెట్టడానికి డాబా మీద వేసి మర్చిపోయింది.

నాన్న మాత్రం యాంటెన్నా దింపలేదు. కేబులువాడు నెలనెలా వచ్చి డబ్బు అడుగుతుంటే ఆయనకి చిరాగ్గా ఉండేది. ఇంట్లో చిన్న టీవీ ఒకటి యాంటెన్నాకే ఉంచాడు. రిటైరయ్యాక కూడా ఏడాదికోసారి ఎమరీ పేపరు, గ్రీజు పట్టుకుని డాబా ఎక్కేవాడు.

2010లో మాయాబజార్‌కి రంగులు వేసి మళ్ళీ థియేటర్లలో వదిలినప్పుడు తమ్ముడు నాన్నని తీసుకెళ్ళాడు. బయటికి వచ్చాక ఎలా ఉందంటే "బాగానే వేశారు. ఆ పడవ పాటకి మాత్రం షీటు తీసెయ్యాల్సింది" అన్నాడట. తమ్ముడు ఫోన్లో చెప్పి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ మా ఊరి మీదే తీరం దాటింది. ఆ గాలి గురించి విశాఖవాళ్ళకి చెప్పక్కర్లేదు, వేరేవాళ్ళకి చెప్పినా తెలియదు. వీధిలో చెట్టన్నది మిగల్లేదు. డిష్‌లు ఎగిరిపోయాయి, కేబులు వైర్లు స్తంభాలతో సహా నేలకి వచ్చాయి. రోజుల తరబడి కరెంటు లేదు. నేను హైదరాబాదునుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నా, లైను కలవలేదు. మూడో రోజు కలిసింది. నాన్న చెప్పిన మొదటి మాట, "మేం బాగున్నాం అమ్మలూ. యాంటెన్నా పోయింది. పైపు కదల్లేదు." నా పాత పుస్తకాలున్న గూట్లోకి నీళ్ళు వచ్చాయని రెండో మాట. పేర్లు రాసుకున్న రఫ్ నోట్సు అందులోనే ఉండేది. నేను వెళ్ళేసరికి ముద్దలా ఉంది. అమ్మ ఎండబెట్టి చూసింది గానీ పేజీలు విడలేదు.

*

ఆ తర్వాత నాన్న ఫ్రీ డిష్ పెట్టించుకున్నాడు. దూరదర్శన్‌వాళ్ళదే, నెలకి కట్టేదేమీ లేదు, ఒకసారి డిష్షూ సెట్‌టాప్ బాక్సూ కొనుక్కుంటే చాలు. మనిషిని పిలవనన్నాడు. డెబ్బై దాటిన మనిషి, దిక్సూచి పట్టుకుని డాబా ఎక్కాడు. తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర జీశాట్-15 ఉంటుందట, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. మా ఊరినుంచి చూస్తే అది ఆగ్నేయంగా, నడినెత్తికి కాస్త కింద. అంటే డిష్ సరిగ్గా సముద్రం వైపు చూడాలి. యాంటెన్నా ఉన్నన్నాళ్ళూ ఏ ఉప్పుగాలితో కుస్తీ పట్టాడో ఇప్పుడు అటువైపే మొహం పెట్టాల్సి వచ్చింది. వేసవి సెలవుల్లో నేను అక్కడే ఉన్నాను. కింద టీవీ ముందు కూర్చుని సిగ్నల్ గీత ఎంత ఉందో చెప్పడం నా పని.

"ఎంతమ్మా?"

"నలభై!"

"ఇప్పుడో?"

"అరవై! అరవై అయిదు! ఆపు నాన్నా, ఆపు!"

నాకు నలభై దాటాయి. కాలేజీలో పాఠాలు చెప్తాను. ఆ కిటికీ దగ్గర అలా అరుస్తుంటే పక్కింటి కొత్తవాళ్ళు బయటికి వచ్చి చూశారు.

డిష్‌తో సప్తగిరీ వచ్చింది, ఇంకా బోలెడు ఛానెళ్ళు వచ్చాయి. మధ్యాహ్నాలు పాత సినిమా ఏది దొరికినా పెట్టుకుని కూర్చునేవాడు. అదే ప్రాణం. 2022 కల్లా దేశంలో పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ ఆపేశారు. ఇక గాలిలోంచి యాంటెన్నాకి ఏమీ రాదు. ఆ సంగతి చెప్తే "మరి పైపు తీసెయ్యమంటావా?" అని అడిగాడు. వద్దులే, బట్టల తాడు కట్టుకోవచ్చు అన్నాను. ఉంచాడు.

*

చివరి ఏడాది నాన్నకి చూపు తగ్గింది. గ్లకోమా. ఎదురుగా మనిషి నీడలా తెలుస్తాడు, అక్షరాలు అసలు తెలియవు. అయినా మధ్యాహ్నం భోజనం కాగానే టీవీ పెట్టమనేవాడు. అమ్మ రిమోట్ నొక్కి, ఛానెల్ మార్చి, ఆయన మంచం తల వైపు ఎత్తు చేసి వెళ్ళిపోయేది. పాటలు వింటూ పడుకునేవాడు.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఏదో ఛానెల్లో మాయాబజార్ అప్పుడే మొదలవుతోంది. నలుపు తెలుపుదే. బ్యాగు కూడా దించలేదు.

"పేర్లు పడుతున్నాయా?" అన్నాడు.

"పడుతున్నాయి నాన్నా."

"చదువు అమ్మలూ."

కిటికీ దగ్గరికే వెళ్ళాను. ఎందుకో తెలియదు, కాళ్ళు అటే వెళ్ళాయి. గొంతెత్తి చదివాను. మాటలు, పాటలు పింగళి. సంగీతం ఘంటసాల. కళ గోఖలే, కళాధర్. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీ. దుప్పటి మీద ఆయన కుడిచెయ్యి కదులుతోంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి దేన్నో మెలిపెడుతున్నాడు. వంటింట్లోంచి అమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"దర్శకత్వం, కె.వి.రెడ్డి!" అన్నాను.

వేళ్ళు ఆగాయి.

"కట్టేశా" అన్నాడు. "రా, కూచో."